గట్టుపేట మాటల పట్టీ

12వ రోజు

గట్టుపేటకు తరలివచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఈ పుస్తకం మమ్మల్ని ఇక్కడికి తరలించిన సంస్థవాళ్ళు ఇచ్చారు. అట్ట మీద "అభ్యాస కేంద్రం స్థాపన, దినచర్య" అని అచ్చువేసి ఉంది. రోజూ రాయాలట. నాకంత ఓపిక లేదు. రాయాలనిపించిన రోజు రాస్తాను.

నా పేరు హిమబిందు. వయసు యాభై ఆరు. పల్లంపాలెం బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పాను. సముద్రం బడి వరండా ఎక్కిన రోజు కూడా హాజరు వేసే ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు పల్లంపాలెం లేదు. అక్కడున్న మూడువందల పన్నెండు కుటుంబాలనూ తెచ్చి ఈ కొండ మీద కొత్త ఇళ్ళలో పెట్టారు.

ఇళ్ళు బాగాలేవనను. ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉంటుంది. ఉదయం ఎనిమిది దాటితే బయట తిరగలేం కాబట్టి కొట్లు లేవు. వంటింటి గోడలో ఒక గూడు ఉంది. ఇంట్లో ఏది లేదో నోటితో చెబితే ఇల్లు వింటుంది, సరుకు గొట్టంలోంచి జారి గూట్లో పడుతుంది. ఉన్నది మళ్ళీ పంపదు, లేనిదే పంపుతుంది.

చిక్కల్లా ఇంటికి మన మాటలు తెలియాలి. ఏ కాలనీకి ఆ కాలనీ మాటల పట్టీ ఎవరో ఒకరు రాసివ్వాలి. గట్టుపేటకు ఆ ఒకరు నేనే. సంస్థ ఇచ్చిన ఆరువందల మాటలు, ఒక్కోదానికి ఒక్కో అర్థం. తొంభయ్యో రోజు వరకూ పట్టీ నా గొంతుకే తెరుచుకుంటుంది, తర్వాత దానికి తాళం పడిపోతుంది. ఇక నా రెండో పని, ఇంటితో ఎలా మాట్లాడాలో జనానికి నేర్పే కేంద్రం ఒకటి పెట్టడం. తొంభయ్యో రోజుకి నలభై మంది చేరితే కేంద్రం నిలుస్తుంది. మూడో వరుస చివర తోపుడుబళ్ళ కోసం కట్టిన గది ఇచ్చారు. నలభై మంది రాకపోతే గది మళ్ళీ బళ్ళకే.

15వ రోజు

పొద్దున్నే గది కడిగించాను. గచ్చు మీద సిమెంటు చారలు ఎంత రుద్దినా వదలవు. చాపలు ముప్పై అడిగితే పన్నెండు వచ్చాయి.

మధ్యాహ్నం కూర్చుని పట్టీ ముగించాను. నీరు, నిప్పు, నిండు, నిద్ర, అన్నీ ఒక్క పూటలో లాగించేశాను. నిండు అంటే ఖాళీ లేకుండా ఉండడం. ఇంత తేలిక మాటలకు కూడా అర్థం రాయించుకుంటారేమిటో! బడిలో ఆరో తరగతి పిల్లల చేత రాయించినా సరిపోయేది.

23వ రోజు

మొదటి విద్యార్థి వచ్చింది. ఎనభై ఒక్కేళ్ళ ప్రణతి మామ్మ. ఆ తరం మామ్మలందరి పేర్లూ ఇంతే, ప్రణతి, మోక్షిత, హాసిని. ఒకప్పుడు అవి కొత్త పేర్లట, నమ్మబుద్ధి కాదు. మామ్మది 118వ నంబరు ఇల్లు. కొడుకు మన్విత్ నా పాత విద్యార్థే, సంస్థ గొట్టాల పనిలో చేరాడు. వాడిది 204. రమ్మన్నా మామ్మ వెళ్ళలేదు. కోడలి వంటింట్లో చెయ్యి ఆడదంటుంది.

వస్తూ వస్తూ వల దారం, అల్లే సూది సంచిలో వేసుకొచ్చింది. ఇక్కడ సముద్రమెక్కడిది అంటే, "చేతులకి తెలీదు కదమ్మా సముద్రం లేదని" అంది. అని చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మా ఇంటబ్బాయికి తెలుగు సరిగ్గా రాదు టీచరమ్మా." ఇంటిని అబ్బాయి అంటుందావిడ. "దీపం కొండెక్కిందిరా అని సెప్పాను. ఏ కొండ అని అడిగాడు."

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఆరిపోయింది అనాలి మామ్మా. అప్పుడు అర్థమవుతుంది."

"అమ్మో, నా నోటితో నేననను. కావాలంటే నువ్వొచ్చి అను."

మొదటి పాఠం అలా ముగిసింది. హాజరు: ఒకటి.

31వ రోజు

హాజరు తొమ్మిది. వచ్చినవాళ్ళందరికీ ఏదో ఒక తగాదా ఉంది ఇంటితో. 140లో ఉండే కుందన, కూతురు పెద్దమనిషి అయిందని చెప్పి నువ్వులూ బెల్లం అడిగిందట. ఇల్లు ఆ పదమూడేళ్ళ పిల్లను పెద్దల జాబితాలో ఎక్కించి, వెంటనే పాలు ఆపేసింది. "పెద్దమనిషికి పాలెందుకని అడుగుతోందండి, ఇంతకన్నా అప్రాచ్యపు ఇల్లు ఉంటదాండీ!" అని కుందన ఒకటే గోల. ఇంకొకాయన "వెళ్ళొస్తా" అని తమ్ముడింటికి వెళ్ళి అక్కడే పడుకుంటే, తెల్లారేదాకా ఈయన ఇల్లు అన్నం వేడిగా ఉంచి ఎదురు చూసింది.

నల్లబల్ల మీద రెండు వరుసలు గీశాను. ఎడమవైపు మనం అనే మాట, కుడివైపు ఇంటితో అనవలసిన మాట. కొండెక్కింది కాదు, ఆరిపోయింది. పెద్దమనిషి అయింది కాదు, ఈడేరింది. వెళ్ళొస్తా కాదు, వెళ్తున్నా. ఒక్కోటీ చదువుతుంటే ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. వెళ్తున్నా అనే మాట దగ్గర ఒకావిడ లేచి వెళ్ళిపోయింది కూడా. నాకు సరదాగానే ఉంది. బడి మళ్ళీ మొదలైనట్టే ఉంది.

44వ రోజు

హాజరు ఇరవై మూడు. కానీ ఇవాళ పాఠం సాగలేదు, సరుకుల గొడవతోనే సరిపోయింది.

"ఉప్పు నిండుకుందని ఆరు రోజుల్నించీ మొత్తుకుంటున్నానండి, ఒక్క రాయి రాలిస్తే ఒట్టు" అంది కుందన. నూనె ఒకరికి, కందిపప్పు ఒకరికి. మా ఇంట్లో కాఫీ పొడి నిండుకుంది. చెబితే ఇల్లు "సంతోషమండి" అంది. ఈ ఇంటికి ప్రతిదానికీ సంతోషమే. రోజుకు రెండు కాఫీలు లేకపోతే నేను మనిషిని కాను, ఆ సంగతి దానికేం తెలుసు.

తెల్లారేసరికి వీధిలో గ్లాసులు పట్టుకుని ఒకరింటికొకరు అప్పుకు తిరుగుతున్నారు. మన్విత్ ఇంటికి మాత్రం అన్నీ దండిగా వస్తున్నాయి. సంస్థలో పనిచేసేవాడికి కాక మనకెందుకు పంపుతారు అని గుసగుసలు. వాడు చిన్నబుచ్చుకున్నాడు.

సంస్థకు ఘాటుగానే ఉత్తరం రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "మా లెక్కల ప్రకారం మీ ఇళ్ళలో సరుకులు నిండుగా ఉన్నాయి." ఒళ్ళు మండింది. నిండుగానట! వచ్చి చూసుకోమని తిరిగి రాశాను. పిసినారి సంస్థ.

53వ రోజు

హాజరు ముప్పై ఒకటి. మామ్మ చుట్టూ ఏడుగురు చేరి వల ముడి నేర్చుకుంటున్నారు. ఇది పాఠాల్లో లేదు. లేకపోతే ఏం, కేంద్రం నాది.

ఎల్లుండి నుంచి మూత. ఎండ మరీ ముదిరితే అన్ని ఇళ్ళ తలుపులూ వాటంతటవే బిగుసుకుంటాయి, ప్రమాదం దాటేదాకా తెరుచుకోవు. ఈసారి పదకొండు రోజులట. కరెంటంతా చల్లదనానికే పోతుంది కాబట్టి ఇంటికీ ఇంటికీ మాట కూడా కలవదు. మనమూ మన ఇల్లూ, అంతే.

పాఠం అయ్యాక ఒక్కొక్కరినీ అడిగాను, ఇంట్లో ఏమున్నాయి, ఏం లేవని. మామ్మకు గుండె జబ్బు ఉంది. ఇక్కడికి తెచ్చేముందు మమ్మల్ని ఉంచిన శిబిరంలో రెండు నెలలకు సరిపడా బిళ్ళలిచ్చి పంపారు.

"మామ్మా, బిళ్ళలున్నాయా?"

"ఇంకో నాలుగు రోజులకున్నాయి. నిండుకోగానే అబ్బాయితో సెబుతానుగా. పంపుతాడు."

"మర్చిపోకుండా చెప్పు మరి."

"నీ కాఫీ పొడిలా సెయ్యరులే మందుల్ని" అని నవ్వింది. నాకూ అలాగే అనిపించింది. ఉప్పు దగ్గర, పప్పు దగ్గర పిసినారితనం చేస్తారు గానీ ప్రాణం మీదికొచ్చే మందుల దగ్గర చెయ్యరు కదా. జాగ్రత్త మామ్మా అని సాగనంపాను.

60వ రోజు

మూత. గోడకు చెయ్యి ఆనిస్తే వేడి తెలుస్తోంది. పాత కాపీ పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను. దిద్దినా తీసుకునే పిల్లలు లేరు. మూత తీశాక ఇంకో తొమ్మిది మందిని పట్టుకొస్తే నలభై అవుతారు.

66వ రోజు

తెల్లవారుజామున తలుపులు తెరుచుకున్నాయి. నేను బయటికి వచ్చేసరికే మన్విత్ 118 దగ్గర ఉన్నాడు. వాడి అరుపు వీధంతా వినిపించింది.

ప్రణతి మామ్మ వంటింట్లో గూటి కింద, గోడకు ఆనుకుని ఉంది. పోయి రెండు రోజులు అయిందన్నారు. పక్కన ఖాళీ బిళ్ళల డబ్బా మూత తీసి ఉంది.

ఎనిమిదిలోపే అంతా ముగించాల్సి వచ్చింది. ఎండ వచ్చేస్తోందని తొందరపెట్టారు. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. ఇంటికొచ్చాక ఏడ్చాను.

70వ రోజు

సంస్థ నుంచి తన్మయ్ అనే అధికారి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, మర్యాదస్థుడు. మామ్మ మూతలో ఇంటితో ఏం మాట్లాడిందో అంతా అచ్చు తీసి తెచ్చి నా చేతికిచ్చాడు. "మీరు చదివితే మాకు వివరంగా తెలుస్తుంది మేడమ్" అన్నాడు. ఆ కాగితాలు ఇక్కడ కొంత రాసుకుంటున్నాను. రాయకపోతే నేను వేరేలా గుర్తుపెట్టుకుంటానేమోనని భయం.

57వ రోజు. "అబ్బాయ్, మందులు నిండుకున్నాయిరా." "సంతోషమండి."

58వ రోజు. "మందులు నిండుకున్నాయి నాన్నా. గుండెకేసుకునేవి." "సంతోషమండి."

61వ రోజు, రెండుసార్లు. "నిండుకున్నాయని సెప్పాను కదరా, వినబడిందా?" "వినబడిందండి. గుండె మందులు నిండుకున్నాయి. సంతోషమండి."

63వ రోజు. "ఆయాసంగా ఉందిరా." "ఆయాసానికి గుండె మందు వేసుకోండి. మీ దగ్గర నిండుగా ఉంది."

64వ రోజు. "నిండుకున్నాయిరా బాబూ, నిండుకున్నాయి. నా మీద కోపమొచ్చిందా నీక్కూడా?" "లేదండి. ఇంకేమైనా కావాలా?" "ఏమొద్దులే. నీ దగ్గర ఉంటే పంపవా ఏంటి."

అంతటితో అయిపోయింది.

మొదటిసారి చదివినప్పుడు నాకు తప్పు కనిపించలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. మామ్మ సరిగ్గానే చెప్పింది, ఇల్లు ఎందుకు పంపలేదు అనుకున్నాను. రెండోసారి "నిండుగా ఉంది" అన్న చోట ఆగిపోయాను. లేచి వెళ్ళి పట్టీ తెరిచాను. నిండు: ఖాళీ లేకుండా ఉండడం. నా మాటలే.

బియ్యం అయిపోతే అయిపోయాయి అనం. నిండుకున్నాయి అంటాం. ఇంట్లో ఏదీ లేదనే మాట నోట రాకూడదని మా అమ్మ అనేది, వాళ్ళమ్మ అనేది, నేను యాభై ఏళ్ళుగా అంటున్నాను. అలా అంటున్నానన్న స్పృహే లేదు నాకు. కొండెక్కడం కనిపించింది, పెద్దమనిషి కనిపించింది, వాటితో బల్ల నింపి నవ్వుకున్నాను. రోజూ నా నోట్లో ఉన్న మాటే నాకు కనిపించలేదు. ఉప్పు రానిదీ అందుకే, కాఫీ పొడి రానిదీ అందుకే. లేవు అని మేము చెప్పిన ప్రతిసారీ, బోలెడు ఉన్నాయి అని ఇల్లు రాసుకుంది.

మామ్మను చంపింది ఎండ కాదు. నేను.

73వ రోజు

తన్మయ్ మళ్ళీ వచ్చాడు. ఒక కాగితం ముందుపెట్టాడు. "నివాసి వినియోగ భాష సరిగా పలకనందున జరిగిన దుర్ఘటన. కేంద్రంలో తగిన శిక్షణ ఇవ్వబడినది." కింద నా సంతకానికి చోటు.

"సంతకం చేస్తే కేంద్రం శాశ్వతమవుతుంది మేడమ్. నలభై మంది నిబంధన కూడా తీసేస్తారు. ఈ ఘటన తర్వాత అందరికీ పాఠాలు తప్పనిసరి చేస్తున్నారు."

"ఆవిడ తప్పేమీ మాట్లాడలేదు బాబూ. పట్టీలో అర్థం తప్పు. అది రాసింది నేను."

కాగితం నా వైపు ఇంకాస్త జరిపాడు. "పట్టీ తప్పని రికార్డులోకి వెళ్తే పట్టీ రాసినవాళ్ళు కేంద్రం నడపకూడదు. గది వెనక్కి తీసుకుంటారు. వారం టైమ్ ఉంది, ఆలోచించండి."

ఆలోచించాను. నేను మంచిదాన్నని రాసుకోవాలని ఉంది గానీ నిజం రాస్తాను. ఇవాళంతా సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ముప్పై ఒక్క మంది, పన్నెండు చాపలు, ఏడుగురికి వచ్చిన వల ముడి. మామ్మ ఎలాగూ తిరిగి రాదు కదా అని కూడా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

75వ రోజు

పొద్దున్నే 204కి వెళ్ళాను. మన్విత్ గుమ్మంలో చెప్పులు కుట్టుకుంటున్నాడు. కూర్చోమనలేదు, అయినా కూర్చున్నాను. అంతా చెప్పాను, కాగితం సంగతితో సహా.

వాడి చేతిలో సూది ఆగలేదు.

"నేను అయిపోయింది అనే అంటానండి" అన్నాడు. "చిన్నప్పుడలా అన్నానని అమ్మ నెత్తిన మొట్టేది. ఎన్ని మొట్టికాయలు తిన్నానో. అందుకే మా ఇంటికి సరుకొస్తోందన్నమాట."

"ఒరే మన్విత్..."

"ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పారు కదండీ." గొంతు పెంచలేదు. అడిగాడంతే. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు, "పట్టీ ఎప్పుడు మారుత్తారో సెప్పండి. ఆ పూట నేను అమ్మింట్లో ఉంటాను."

78వ రోజు

ఉదయం అయిదున్నరకు కేంద్రం తెరిచాను. ముప్పై ఎనిమిది మంది వచ్చారు, ఇదే ఎక్కువ. అందరి ముందూ నిలబడి చెప్పాను, మామ్మ ఎలా పోయిందో, ఎవరి వల్ల పోయిందో. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. కుందన నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని, "మనమూ అదే కదండీ అంటున్నాం, మనకీ తట్టలేదు" అంది. అది నన్ను ఓదార్చడానికి అన్న మాట. నాకు ఓదార్పు కాలేదు.

బల్ల మీద కుడివైపు వరుస చెరిపేశాను. ఇవాళ పాఠం మీరు చెప్పండి, నేను రాసుకుంటాను అన్నాను. ఒక్కొక్కటే వచ్చాయి. పుస్తెల తాడు తెగితే పెరిగింది అంటాం. గాజు పగిలితే చిట్లింది అనం, పెరిగింది అంటాం. పసిబిడ్డ బొద్దుగా ఉన్నా చిక్కిపోయాడు అంటాం. అరవై దాకా అయ్యాయి. ఇన్ని మాటల్లో ఇంత భయాన్ని దాచుకుని బతుకుతున్నామని నాకు ఈ వయసులో తెలిసింది.

సంతకం లేని కాగితం మడిచి తన్మయ్‌కు పంపేశాను. గది రేపు ఖాళీ చెయ్యాలి. కుందన తన వరండాలో చాపలు పట్టేంత చోటుందని చెప్పింది. చూద్దాం.

పట్టీ ఎక్కడినుంచైనా తెరవచ్చు. అయినా 118కే వెళ్ళాను. మన్విత్ అప్పటికే వంటింట్లో నిలబడి ఉన్నాడు. పొయ్యి తుడిచి ఉంది. నేను పట్టీ తెరిచి, అరవై మాటలూ చెప్పాను. దాన్ని చివరికి ఉంచాను.

"నిండుకోవడం అంటే లేకపోవడం. ఏమీ మిగలకపోవడం."

"కొత్త అర్థం అందిందండి" అంది ఇల్లు. "పాత విన్నపాలు సరిచూస్తున్నాను."

ఇది జరుగుతుందని నాకు తెలియదు. ముందు పక్కింట్లో గూడు దబ్బుమంది. తర్వాత ఎదురింట్లో. ఆ పైన వీధి పొడుగునా ఉప్పు పొట్లాలు, నూనె డబ్బాలు, పప్పు, బియ్యం జారిపడుతున్న చప్పుడు. జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ సంబరపడలేదు.

"118లో గుండె మందుకు పదకొండు విన్నపాలున్నాయి" అంది ఇల్లు. "ఆలస్యమైంది. పంపుతున్నాను."

మొదటి పొట్లం గూట్లో పడింది. మన్విత్ తీశాడు. రెండోది పడింది. వాడు దోసిలి పట్టి గూటి కింద పెట్టాడు. ఒక్కోటి వాడి చేతుల్లోకి జారుతోంది. ఏడో దానికి చేతులు నిండిపోయి కింద పడడం మొదలెట్టాయి. నేను వంగి ఏరాను. పదకొండూ పడ్డాయి.

"ప్రణతిగారూ, మందు వేసుకున్నారా?" అని అడిగింది ఇల్లు.

ఏ మాటనైనా ఉన్నదున్నట్టు అనేసే మన్విత్, నా వైపు చూశాడు. "టీచరుగారండి, దీనికేం రాశారు పట్టీలో?"

ఏమీ రాయలేదు. సంస్థ ఇచ్చిన ఆరువందల మాటల్లో అది లేదు. నేనూ చేర్చలేదు. పోయింది అంటే ఎక్కడికని అడుగుతుంది. కాలం చేసింది అంటే ఏం చేసిందని అడుగుతుంది. ఏ చాటూ లేకుండా అన్నాను, "ప్రణతి మామ్మ చచ్చిపోయింది."

"ఆ మాట పట్టీలో లేదండి. అర్థం చెప్పండి."

మన్విత్ పొట్లాలతో సహా నేల మీద కూలబడ్డాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను. ఇల్లు ఎదురుచూస్తోంది. దానికి అర్థమయ్యేలా చెప్పగలిగింది ఒక్కటే కనిపించింది. ఆవిడ ఇంక నిన్ను ఏమీ అడగదు అని చెప్పాను.

"చచ్చిపోవడం అంటే ఇక ఏమీ అడగకపోవడం. అంతేనాండి?"

అంతే అన్నాను. రాసుకుంది.